వాల్టరు చిషెక్ స్వామివారి చరిత్రము

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు సాధారణముగా వారి జయములను విస్తరించి వ్రాసి, అపజయములను మఱుగుపఱచుచుందురు. ఈ యేడు మా పత్రికకై మేమెన్నుకొనిన పురుషుని విషయమున అట్లు చేయుటకు వీలులేదు. ఏలయన, ఆయన జీవితములో మిక్కిలి ముఖ్యమైన దినము ఆయన యోడిపోయిన దినమే. ఆ సంగతిని ఆయనయే దాపఱికము లేక గ్రంథస్థము చేసెను. కావున మేమును దాచము.

1904వ సంవత్సరము నవంబరు 4వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునందు షెనండోవా అను పట్టణమున వాల్టరు చిషెక్ జన్మించెను. ఆ ప్రాంతము రాక్షసిబొగ్గు గనులకు ప్రసిద్ధి కెక్కినది. పోలండు దేశమునుండి పొట్టకూటికై సముద్రము దాటి వచ్చిన బీదజనులు అనేకులు ఆ గనులలో పాటుపడుచుండిరి. వాల్టరు తండ్రి మార్టినును అట్లు వచ్చినవాడే. అతడు మొదట గనిలో బొగ్గు త్రవ్వి, పిమ్మట ఒక పానశాల పెట్టుకొని సంసారము నడిపెను. తల్లి మేరీ గొప్ప భక్తురాలు. ఆ దంపతులకు 13 మంది బిడ్డలు. వారిలో వాల్టరు ఏడవవాడు.

ఈ బాలుడు మంచి బాలుడని చెప్పుటకు మాకు నోరాడదు. బడి యెగగొట్టుట, వీధిలో జట్టు కట్టి దానికి నాయకుడై తిరుగుట, కనబడినవారితో కలియబడుట ఇతని నిత్యకృత్యములు. దెబ్బలు తినుటకు గాని కొట్టుటకు గాని వెనుదీయువాడు కాడు. ఒకనాడు తండ్రి విసిగి వేసారి, కొడుకును చేయి పట్టుకొని పోలీసు ఠాణాకు ఈడ్చుకొనిపోయి, వీనిని దుర్మార్గులైన బాలుర నుంచు బడిలో పెట్టుడని బ్రతిమాలెను. అధికారులు నచ్చజెప్పి పంపివేసిరి. మన పాఠశాలలోని తల్లిదండ్రులలో ఈ తండ్రి బాధ నెఱిగినవారు కొందఱుందురు. వారు తొందరపడి నిరాశ చేసికొనవలదని మా మనవి.

ఇట్టివాడు ఎనిమిదవ తరగతి ముగియగానే తాను గురువగుదునని ఇంట చెప్పెను. తండ్రి నమ్మలేదు. అయినను మిచిగన్ రాష్ట్రములో పోలండువారికై యేర్పడిన ఆర్చర్డు లేక్ గురువిద్యాలయమునకు పంపిరి. అచ్చట వాల్టరు భక్తుడాయెను గాని మొండితనము మాత్రము వదలలేదు. అది వేఱొక దారి పట్టెను. వేకువజామున 4-30 గంటలకే లేచి చెఱువు చుట్టును అయిదు మైళ్లు పరుగెత్తును. నవంబరు చలిలో ఆ నీటిలోనే యీదును. ఒక తపస్సుకాలమున నలువది దినములును రొట్టెయు నీరును మాత్రమే పుచ్చుకొనెను. మఱియొక సంవత్సరము మాంసము ముట్టలేదు. ఇవి చేయుమని ఎవరును చెప్పలేదు. కష్టమైన దానిని తాను చేయగలనా యని తెలిసికొనుటయే ఆతని కోరిక. ఇందులో దైవభక్తి యెంత, తన బలముమీది మోజు యెంత అని విభజించుట సులభము కాదు. చదువరులు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక.

1928వ సంవత్సరమున ఆతడు యేసుసభలో చేరెను. మన విజయవాడలో 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలను స్థాపించినది ఈ సభవారే. తండ్రికి ఈ నిర్ణయము రుచింపలేదు. కొడుకు వినలేదు. మఱుసటి యేడు, అనగా 1929లో, 11వ పయస్ పాపుగారు గురువిద్యార్థులకు, అందును యేసుసభవారికి, ఒక లేఖ పంపిరి. రష్యాదేశములో గురువులు కఱవైరి, అచ్చటికి పోవుటకు సిద్ధపడువారు కావలెనని దాని తాత్పర్యము. ఆ లేఖను చదువుచుండగా వింటిలోనుండి బాణము వెడలినట్లు వాల్టరు మనస్సు రష్యావైపు పోయెను. మఱల తిరిగి రాలేదు. మాటపట్టులైన వెంటనే తన్ను పంపవలసినదని సభాధిపతికి విన్నపము వ్రాసికొనెను.

ఆ దినములలో రష్యాకు పోవుట యనగా ఏమో పిల్లలకు కొంచెము చెప్పవలెను. 1917లో కమ్యూనిస్టులు ఆ దేశమును వశపఱచుకొనిరి. దేవుడు లేడని చెప్పుట వారి ప్రభుత్వ సిద్ధాంతము. దేవాలయములను మూసివేసిరి; కొన్నింటిని కొట్టులుగను గిడ్డంగులుగను మార్చిరి. గురువులను చంపిరి, చెఱబెట్టిరి, మంచుదేశములకు పంపిరి. పిల్లలకు మతబోధ చేయుట నేరమాయెను. 1939 నాటికి అంత విశాలమైన రాజ్యములో జనులకు తెఱచియుండిన కతోలిక దేవాలయములు రెండే: ఒకటి మాస్కోలో, రెండవది లెనిన్‌గ్రాడులో. సోవియట్ రాజ్యము 1991లో కూలిపోయినది గాని, ఆనాడు అది కూలునని తలంచినవారు లేరు.

1934లో వాల్టరును రోమునగరమునకు పంపిరి. అచ్చట రష్యా సేవకై 1929లో స్థాపింపబడిన రుస్సికం అను విద్యాలయములో ఆతడు రష్యా భాషను, ప్రాచ్యపద్ధతిని అనుసరించి పూజ చేయు విధమును నేర్చెను. 1937వ సంవత్సరము జూన్ 24వ తేదీన గురుపట్టము పొందెను. ఇక మీదట ఆయనను స్వామివారనియే పేర్కొందుము.

పట్టమైనను రష్యాకు దారి దొరకలేదు. పై యధికారులు స్వామివారిని 1938లో తూర్పు పోలండులోని అల్బెర్టిన్ అను ఊరికి పంపిరి. 1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనులు పడమటినుండియు, 17వ తేదీన రష్యా సేనలు తూర్పునుండియు పోలండుపై బడినవి. అల్బెర్టిన్ రష్యావారి చేజిక్కెను. సభవారి మఠము మూతపడెను. అమెరికా పౌరుడు గనుక స్వామివారు తమ దేశమునకు పోవచ్చును. వారు పోలేదు. తాము రష్యాకు పోలేకపోయినను రష్యాయే తమ యొద్దకు వచ్చినదని తలంచిరి. ల్వోవ్ నగరమున షెప్తిత్స్కీ అగ్రపీఠాధిపతిగారి అనుమతి పొంది, నెస్త్రోవ్ అను మఱియొక యేసుసభ గురువుతో గూడ, కూలివారివలె వేషము మార్చుకొని, 1940 మార్చి నెలలో అర్చ్యశిష్ట జోజప్పగారి పండుగనాడు సరుకుల రైలుబండిలో సరిహద్దు దాటిరి. కాగితములలో వారి పేరు వ్లదిమీర్ లిపిన్‌స్కి. భార్యాబిడ్డలను యుద్ధములో పోగొట్టుకొనిన పోలండువాడు.

యూరల్ పర్వతములలోని చుసొవోయ్ ప్రాంతమున వారికి దొరికిన పని నదిలో తేలివచ్చు దుంగలను ఒడ్డునకు లాగి పేర్చుట. చేతులు బొబ్బలెక్కి నెత్తురు కారుచుండెను. కూలి తిండికే చాలదు. ఇదంతయు ఎదురుచూచినదే. ఎదురుచూడనిది వేఱొకటి గలదు. ప్రక్కన పనిచేయువారిలో ఒక్కడైనను దేవుని మాట ఎత్తనియ్యడు. భయము అంతటి భయము. ఎవడు ఎవనిమీద చాడీ చెప్పునో తెలియదు. గురువనని చెప్పుకొనుటకు వీలులేదు, బోధించుటకు వీలులేదు. అప్పుడప్పుడు ఆ గురువులిద్దఱును అడవిలోనికి పోయి, చెట్టు మొద్దునే బలిపీఠముగా చేసికొని, ఒకరు కావలి యుండగా ఒకరు దివ్యపూజ చేసిరి. ఇంతమాత్రమునకేనా వచ్చితిమి, వెనుకకు పోయి పోలండులోని మన జనులకైనను ఉపయోగపడుదము గదా యను తలంపు వారిని పీడించెను. చాల దినములు ప్రార్థించిన పిమ్మట, దేవుని చిత్తము తాము ఊహించుకొనిన గొప్ప కార్యము కాదనియు, ఆ దినమున ఆ చోట ఎదుట నున్న మనుష్యులును పనియునే ఆయన చిత్తమనియు వారికి తోచెను. మేము చదివినంతలో స్వామివారి మనస్సునకు ఇదియే మొదటి మలుపు.

1941 జూన్ 22న జర్మనీ రష్యాపై దండెత్తెను. ఆ వెంటనే ఒక రాత్రి రహస్యపోలీసులు కూలివారి పాకలలోనికి వచ్చి స్వామివారిని పట్టుకొనిరి. జర్మనులకు వేగులవాడని నేరము మోపిరి. మూటలో దొరికిన పూజ ద్రాక్షారసపు సీసాలను పేలుడు ద్రావకమనిరి, పండ్లపొడిని తుపాకిమందనిరి, ఒక కుఱ్ఱవానికి అక్షరములు నేర్పుటకై వ్రాసిన కాగితమును రహస్యలిపి యనిరి. నవ్వు వచ్చు సంగతియే గాని, నవ్వుటకు ఆ గదిలో ఎవరికిని ధైర్యము లేకుండెను.

కొంతకాలము పెర్మ్ నగరపు చెఱసాలలో నుంచి, పిమ్మట మాస్కోలోని లుబియాంకాకు కొనిపోయిరి. ఆ పేరు చెప్పిన రష్యాలో పెద్దవారికిని గుండె జల్లుమను దినములవి. అచ్చటి అధికారులు స్వామివారి నిజమైన పేరును, దేశమును, గురుపట్టమును ముందే యెఱిగియుండిరి. పాపుగారు పంపిన గూఢచారి యని కొత్త నేరము వచ్చెను. వారిని ఏకాంతఖైదులో పెట్టిరి. ఆ గది పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు అడుగులు. రేయింబవలు తలపై దీపము వెలుగుచునే యుండును. పగలు పండుకొనరాదు. మాటాడుటకు మనిషి లేడు. పొద్దున రొట్టెముక్క, మధ్యాహ్నము పలుచని చారు, రాత్రి కొంచెము అంబలి. మధ్యమధ్య విచారణకు పిలుపు. జర్మను సేనలు మాస్కోను సమీపించినపుడు కొంతకాలము సరాతోవ్ నగరమునకు తరలించి మఱల తెచ్చిరి. అన్నియు కలిపి 5 సంవత్సరములు ఇట్లు గడచినవి.

స్వామివారు ఆ గదిలోనే తమ మఠములోని దినచర్యను పెట్టుకొనిరి. లేవగానే ప్రార్థన, పిదప పూజ ప్రార్థనలన్నియు కంఠతః చదువుట, క్రెమ్లిన్ గడియారము గంట కొట్టినపుడు త్రికాలజపము, మధ్యాహ్నము ఆత్మశోధన, పోలిష్, లాటిన్, రష్యన్ భాషలలో జపమాల. చిన్ననాడు వల్లెవేసిన పద్యములను జ్ఞప్తికి తెచ్చుకొనిరి. చెఱసాలవారు పుస్తకము లిచ్చినపుడు టాల్‌స్టాయ్ మొదలగువారి గ్రంథములు చదివిరి. కంఠస్థము చేయుట వ్యర్థమని విసుగుకొను మన విద్యార్థులు ఈ పంక్తులను మఱియొకసారి చదువవలెను. కాగితము, కలము, పుస్తకము అన్నియు పోయినప్పుడు తలలో నున్నదియే మిగిలెను.

ఇక ఆ దినము సంగతి. ఏడాది కాలము విచారణ నడచెను. స్వామివారికి ఒక ధైర్యముండెను. తాము బాల్యమునుండి దేహమును మొండికెత్తించి పెంచినవారు. ఆకలికి, చలికి, దెబ్బకు అలవాటు పడినవారు. కావున ఎన్ని బాధలు పెట్టినను తమనుండి అబద్ధపు ఒప్పుదల రాదని నమ్మియుండిరి. విచారణాధికారి ఎదుట కాగితముల కట్ట నుంచెను. అందు స్వామివారు చెప్పిన మాటలు కొన్ని, వాటిని వంకరత్రిప్పి వ్రాసిన మాటలు పెక్కు. పుటపుటకు సంతకము చేయవలెను. చేయకున్న కాల్చి చంపుదుమని అధికారి చెప్పెను. స్వామివారు ఒక క్షణము ఊరకుండిరి. పిమ్మట కలము తీసికొని సంతకములు చేసిరి. ఒక పుట తరువాత ఒక పుట, అన్నింటిమీదను.

ఆనాటి ఆకలి, నిద్రలేమి, తేనీటిలో ఏదో మందు కలిపిరన్న వారి యనుమానము, ఇవన్నియు సాకులుగా చూపవచ్చును. న్యాయస్థానము ఏదైనను వాటిని అంగీకరించును. స్వామివారు మాత్రము అంగీకరింపలేదు. గదికి తిరిగి వచ్చినపుడు దేహము వణకెను. సిగ్గు, కోపము, దుఃఖము ఒకదానిమీద ఒకటి వచ్చి ముంచెత్తెను. దేవుడు నన్నేల విడిచెనని మొదట ఆయననే నిందించిరి. తరువాత తమ ప్రార్థనలను తిప్పి చూచుకొనిరి. తాము సహాయమడిగినది నిజమే గాని, సహాయము వచ్చునని నిజముగా ఆధారపడినది తమ పట్టుదలమీదనేనని తెలిసెను. చెఱువు చుట్టును పరుగెత్తిన ఆ బలము, తపస్సుకాలమున రొట్టెతో సరిపెట్టుకొనిన ఆ బలము, కలము చేతికి వచ్చిన నిమిషమున ఎక్కడికో పోయెను.

1942 జూలైలో తీర్పు చెప్పిరి: గూఢచర్యమునకు 15 సంవత్సరముల కఠినశిక్ష. అయినను శిబిరమునకు పంపక, మఱి నాలుగు సంవత్సరములు లుబియాంకాలోనే యుంచిరి. ఇప్పుడు బెదిరింపుకు బదులు బుజ్జగింపు వచ్చెను. మాతో కలిసి పనిచేయుము, రోమునగరమునకు పోయి మాకు వార్తలు పంపుము, విడిచిపెట్టెదమనిరి. ఒకసారి జంకినవానిని రెండవసారి వంచుట సులభమని అధికారులెఱుగుదురు. స్వామివారు స్పష్టముగా కాదనలేక, ఔననలేక కొన్నాళ్లు ఊగిసలాడిరి. ఆ కాలమున ఒకనాడు వారి మనస్సులో అంతయు చీకటియై, దేవుడున్నాడన్న తలంపే తప్పిపోయెను. అది నిమిషమో గడియయో గాని, ఆ భయమును వారు తమ జీవితాంతము మఱువలేదు. అప్పుడు క్రీస్తునాథుడు ఒలీవతోటలో పడిన వేదన జ్ఞప్తికి వచ్చెను. ఆయనయు తప్పించుమని వేడుకొనెను; పిదప తండ్రి చిత్తమునకు విడిచిపెట్టెను. స్వామివారు ఆ గదిలో మోకరించి, ఇక తాము గెలువవలెనను కోరికను కూడ వదలుకొనిరి. మరునాడు ఏమగునో ఆలోచించుట మానిరి.

తరువాతి పర్యాయము ఒడంబడిక కాగితము ముందుంచినపుడు స్వామివారు సంతకము చేయనని చెప్పిరి. అధికారి అరచెను, కాల్చుదుమనెను. ఆ బెదిరింపే, ఆ మనుష్యుడే, ఆ గదియే. ఈసారి స్వామివారికి భయము కలుగలేదు. తమలో ఉత్సాహము గాని పౌరుషము గాని లేదనియు, కేవలము భారము దిగినట్లుండెననియు వారు తరువాత వ్రాసికొనిరి. అధికారి కాల్పింపలేదు. కొంతకాలమునకు విసిగి వదలివేసిరి.

1946లో స్వామివారిని సైబీరియాకు పంపిరి. ఖైదీలను కుక్కిన రైలుబండిలో క్రాస్నొయార్స్క్ వఱకు, అచ్చటినుండి యెనిసేయ్ నదిమీద ఉత్తరముగా దుదింకా రేవువఱకు ప్రయాణము. అది ధ్రువప్రాంతము. శీతకాలమున నెలకు పైగా సూర్యుడు ఉదయింపడు. మన దేశములో చలి యన్నచో కంబళి కప్పుకొనుటయే. అచ్చట ఇనుమును వట్టిచేతితో ముట్టిన చర్మము ఊడివచ్చును. దుదింకాలో ఓడలకు బొగ్గు నింపు పని. పిదప నోరిల్స్క్ నగరమునకు మార్చిరి. అచ్చట రాగి, నికెలు లోహములు దొరకును. ఆ నగరమును కట్టినవారు, గనులు త్రవ్వినవారు, కొలుములు నడిపినవారు ఎక్కువమంది ఖైదీలే. స్వామివారు కట్టడములలోను, రాగి కర్మాగారములోను, బొగ్గుగనులలోను పనిచేసిరి. షెనండోవాలో తండ్రి చేసిన పనియే కొడుకునకు వచ్చెను. చేసిన పనిని కొలిచి, దానిని బట్టి రొట్టె నిచ్చెడివారు. కొలతకు తక్కువైనచో రొట్టెయు తక్కువ. రొట్టె తక్కువైనచో మరునాడు బలమును తక్కువ. ఈ లెక్కకు బలియైనవారు పెక్కుమంది.

ఈ పని విషయమున స్వామివారికిని తోటి ఖైదీలకును ఒక వాదముండెను. దుర్మార్గ ప్రభుత్వమునకు ఏల చెమటోడ్చవలెను, వీలైనంత పాడుచేయుటయే ధర్మమని అనేకులు చెప్పిరి. స్వామివారు మాత్రము చేతికి వచ్చిన పనిని చక్కగ చేసిరి. వడ్రంగి కొట్టులో ముప్పది యేండ్లు గడపిన క్రీస్తునాథుని తలచుకొని, పని ఎవరిదైనను పనిలో సిగ్గులేదని వారి యభిప్రాయము. ఈ విషయమున మాకు తోటి ఖైదీల మాటయు కొట్టివేయదగినదిగా తోచదు. అయితే స్వామివారి మాటను విని, వారి పనిని కన్నులార చూచినవారే, మాటు మణిగిన తరువాత పాపసంకీర్తనమునకు వారియొద్దకు వచ్చిరన్నది గమనింపవలెను.

దుదింకాలో కాస్పర్ అను పోలండు గురువొకరు స్వామివారికి కనబడిరి. పట్టుబడిన తరువాత మొదటి దివ్యపూజను స్వామివారు ఆయన సహాయముతోనే చేసిరి. 5 సంవత్సరములు మాటలను మాత్రము ఉచ్చరించినవారికి అప్పము చేతికి వచ్చిన దినమది. పూజకు కావలసిన సామగ్రి యెట్లు దొరకెనో వినదగినది. చిన్న గ్లాసు పానపాత్రమాయెను. ఎండుద్రాక్షను నానబెట్టి రసము తీసిరి. రొట్టెను వంటశాలలో పనిచేయువారు రహస్యముగ తెచ్చి యిచ్చిరి. స్థలము ఒకనాడు సామాను కొట్టు, ఒకనాడు కట్టుచున్న గోడచాటు, ఒకనాడు పాకలో మూల. ఆ దినములలో సత్ప్రసాదము పుచ్చుకొనువారు అర్ధరాత్రి మొదలు ఏమియు తినరాదు. పూజ మధ్యాహ్న విరామమునగాని కుదరదు. కావున ఆ ఖైదీలు పొద్దుటి తిండిని విడిచి, అంత చలిలో సగము దినము పనిచేసి, పిమ్మట వచ్చి మోకరించిరి. రొట్టెముక్కకై మనుష్యులు ఒకరినొకరు చంపుకొనుచుండిన చోట ఇది జరిగెను. పట్టుబడినచో శిక్ష పెరుగునని వారందఱికిని తెలియును.

యూరల్ కొండలలో ఒక్క చెవియు దొరకని గురువునకు ఇప్పుడు తీఱిక లేకుండెను. రోజంతయు చాకిరి, తరువాత పాకపాకకు తిరిగి రోగులను చూచుట, పాపసంకీర్తనములు వినుట, చావనున్నవారికి అవస్థాభ్యంగనము. 1953 మార్చిలో స్టాలిన్ మరణించెను. ఆ యేడు వేసవిలో నోరిల్స్క్ ఖైదీలు పని మాని తిరుగబడిరి. సైనికులు కాల్పులు జరిపి అణచివేసిరి. చాలమంది చచ్చిరి. స్వామివారు బ్రతికి బయటపడిరి.

1955లో, శిక్ష ముగియుటకు కొంచెము ముందుగా, విడుదల కలిగెను. విడుదల యన్నది పేరునకే. వారు పెద్ద నగరములలో నివసింపరాదు. ఎక్కడికి పోయినను పోలీసులకు తెలుపవలెను. స్వామివారు నోరిల్స్క్‌లోనే యుండి కర్మాగారములో పనిచేయుచు, పనిలేని వేళ ఒక చిన్న ఇంటిలో పూజ చేయనారంభించిరి. మొదట కొలదిమంది, తరువాత గది నిండ, తరువాత వాకిలి దాటి జనము వచ్చిరి. జ్ఞానస్నానములు, వివాహములు, అంత్యక్రియలు. 1958లో రహస్యపోలీసులు ఊరు విడిచి పొమ్మనిరి. క్రాస్నొయార్స్క్‌కు పోయి అచ్చటను విశ్వాసులను చేర్చుకొనిరి. కొలది మాసములకే అదియు విడిచి అబకాన్‌కు పోవలసినదని ఆజ్ఞ. అబకాన్‌లో గురువుగా బహిరంగముగ ఏమియు చేయరాదని గట్టిగ చెప్పిరి. ఒక మోటారు బండ్ల కొట్టులో మరమ్మతు పనివాడుగ 4 సంవత్సరములకు పైగా గడపిరి. పగలు చేతులకు నూనె మడ్డి. ఇంట తలుపు మూసికొని పూజ.

ఇంతకాలము అమెరికాలో నేమాయెను? స్వామివారినుండి ఒక్క యుత్తరమును లేదు. 1947లో యేసుసభవారు వారు చనిపోయిరని నిశ్చయించి మృతుల పట్టికలో చేర్చి, ఆత్మశాంతికై పూజలు చేయించిరి. తల్లిదండ్రులు అప్పటికి లేరు. 1955లో అన్న వ్రాసిన యుత్తరము చేరినపుడు, చెల్లెండ్రు నమ్మవలెనో మానవలెనో తెలియక తబ్బిబ్బైరి. అది మొదలు వారు ప్రభుత్వమువారికి అర్జీలమీద అర్జీలు పెట్టిరి. ఒకటి పోయిన మఱియొకటి వ్రాసిరి. ఏండ్లు గడచెను. బయటి ప్రపంచమున అణ్వాయుధముల పోటీ, రెండు రాజ్యములకు నడుమ బద్ధవైరము. ఆ వైరములో నలిగిన ఒక బండ్ల మరమ్మతు పనివానిని ఎవరు జ్ఞాపకముంచుకొందురు? చెల్లెండ్రు జ్ఞాపకముంచుకొనిరి.

1963 అక్టోబరులో స్వామివారికి మాస్కోకు రమ్మని పిలుపు వచ్చెను. కారణము చెప్పలేదు. అచ్చట అమెరికా రాయబారి కార్యాలయపు ఉద్యోగి యొకరు ఎదురై, కాగితముమీద సంతకము చేయుమని కోరి, మీరు మఱల అమెరికా పౌరులని తెలిపిరి. అమెరికాలో పట్టుబడిన ఇవాన్ యెగొరోవ్ అను సోవియట్ గూఢచారిని, అతని భార్యను విడిచిపెట్టినందుకు బదులుగా, స్వామివారిని, మార్విన్ మేకినెన్ అను అమెరికా విద్యార్థిని రష్యావారు అప్పగించిరి. తన చేత్తో వ్రాసిన సంతకములవలన దోషియైనవారు మఱియొక సంతకముతో ఇంటికి పోవుచుండిరి.

విమానము పైకి లేచినపుడు స్వామివారు కిటికీలోనుండి మాస్కో నగరమును చూచిరి. 23 ఏండ్లు తమ్ము బంధించిన దేశమది. వారు చేయి యెత్తి, నెమ్మదిగ, ఆ భూమిమీద సిలువ గుర్తు వేసి దీవించిరి. అక్టోబరు 12వ తేదీన న్యూయార్కులో దిగునప్పటికి చెల్లెండ్రును సభవారును కాచుకొనియుండిరి. స్వామివారి వయస్సు అప్పటికి 58 ఏండ్లు.

మొదటి గ్రంథమును 1964లో ప్రకటించిరి. రష్యాలో జరిగిన సంగతులను అందు వరుసగ చెప్పిరి. అయితే తమ్మడుగువారందఱి ప్రశ్నయు ఒకటియే: ఎట్లు బ్రతికితిరి? దానికి జవాబుగ 1973లో రెండవ గ్రంథము వ్రాసిరి. లుబియాంకాలో సంతకము చేసిన సంగతిని, తరువాతి చీకటిని, అందులో నుండి బయటపడిన విధమును విపులముగ తెలిపినది ఈ రెండవదే. రెంటిలో ఒక్కటి మాత్రమే చదువుటకు వీలున్నవారు దీనినే చదువుట మేలని మా తలంపు.

మిగిలిన కాలమును స్వామివారు న్యూయార్కులోని ఫోర్ధాం విశ్వవిద్యాలయమున, రష్యా విషయములకై యేర్పడిన కేంద్రములో గడపిరి. దుఃఖితులు, చదువుకొను పిల్లలు, కన్యస్త్రీలు, గురువులు వారిని చూడవచ్చెడివారు. రాలేనివారు ఉత్తరములు వ్రాసెడివారు. ఆరోగ్యము చెడినను జవాబులు వ్రాయుట మానలేదు. 1984వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన, నిష్కళంక మాత పండుగనాడు, 80 ఏండ్ల వయస్సున మరణించిరి. పెన్సిల్వేనియా రాష్ట్రములోనే వెర్నర్స్‌విల్ అను ఊర యేసుసభవారి శ్మశానవాటిక గలదు. స్వామివారిని అచ్చట సమాధి చేసిరి.